ఎండుచేపల వరస

నేను చేరిన నాటికి గుణుపురం ఆసుపత్రి నెట్‌వర్కులో
నలభై ఆరు పేర్లు, ఒకే కుప్ప.
తూర్పారబట్టని చోళ్ళు.
అన్నీ డెస్క్‌టాప్ అనే మొదలు,
వెనకాల నోరు తిరగని అక్షరాలూ అంకెలూ.

రక్తపరీక్షల గదిలో నిరుపమ పాఢి
తెర అంచున ఒక చీటీ అతికించుకుంది:
పైనుంచి పదిహేడోది మనది.
ఎవరో ఒకరు తమ పెట్టె ఆపేస్తే
పదిహేడోది పదహారోది అయ్యేది.
అలా ఒక రోజు లిమ్మా సబర మలేరియా కాగితం
జీతాల గుమాస్తా బల్ల మీద అచ్చయింది.
ఆయన దాన్ని తిరగేసి పెట్రోలు లెక్క రాసుకున్నాడు.
ఆమె కొండ దిగొచ్చిన మనిషి,
ఒంట్లో చలి, ఒళ్ళో తట్ట,
పొద్దుగూకే దాకా గోడకి చేరబడి కూర్చుంది,
పేరు పిలుస్తారు కదా అని.

ఆ వారం సంతలో మా మేనత్త సూరప్పమ్మ దగ్గర
సావడాయిలు కొంటూ చూశాను.
వానకి పాత చోటు బురదైపోతే
ఎండుచేపల బుట్టలన్నీ మిల్లు గోడ వెనక్కి పోయాయి.
ఎవరూ బోర్డు పెట్టలేదు.
అయినా ఒడియా ముసలాయన, సవర కుర్రాడు,
కాశీనగరం నుంచొచ్చిన చీరల వర్తకుడూ
"ఎండుచేపల వరసెటు?" అని ఒక్క మాట అడిగి
తిన్నగా వచ్చి ఆవిడ ముందు వాలుతున్నారు.
చోటు మారింది. వరస మారలేదు.
"వరస తెలిస్తే చాలే గుంటా," అంది అత్త తక్కెడ ఎత్తి,
"మనిషైనా అంతే. పేరు మర్చిపోతే వరస పెట్టి పిలుస్తాం,
పలకదేటి?"

మర్నాటి నుంచి గదులు లెక్కపెట్టడం మానేశాను.
ఒక్కొక్కరి పక్కనా నిలబడి అడిగాను:
ఏం కావాల్సొస్తే ఈ తెర తెరుస్తావు?
పురుడు, అన్నారు. మందులు.
బొమ్మ, అన్నాడు ఎక్స్‌రే అబ్బాయి.
నిరుపమ రక్త అంది. మనం రక్తం అంటాం.
చివరి సున్న నేనే వదులుకున్నాను.

రాయగడ నుంచి వచ్చిన ఇంజనీరుకి నచ్చలేదు.
మెట్ల కింద ప్రింటరుకి తీగ జీతాల గదిలోంచి కదా,
దాన్ని రక్తలో ఎలా వేస్తావన్నాడు.
తీగ పుట్టిల్లండీ, పని అత్తిల్లు, అన్నాను.
ఆయన నవ్వలేదు. సంతకం మాత్రం పెట్టాడు.

నిరుపమ చీటీ పీకేసింది. జిగురు మరక ఇంకా ఉంది.
లిమ్మా సబర మళ్ళీ వచ్చింది, ఈసారి మనవడితో.
కాగితం మెట్ల కింద అచ్చయి
వేడి ఆరే లోపే ఆమె చేతికందింది.
అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.
అందులో ఏముందో ఆమెకి చెప్పే నోరు
మా అందరిలో ఒక్కటీ లేదు.

నలభై అయిదు సర్దాను. ఒకటి మిగిలిపోయింది.
పిలిస్తే పలుకుతుంది. ఎవరిదంటే ఎవరిదీ కాదు.
రెండ్రోజులు తీగ పట్టుకుని నడిస్తే
వసారా చివర, విరిగిన స్ట్రెచర్ల వెనక దొరికింది.
సవర మాట తెలిసిన అమ్మాయి కూర్చునేదట అక్కడ.
ఒప్పందం అయిపోయింది, అమ్మాయి వెళ్ళిపోయింది,
పెట్టెని ఆపాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.
ఫ్యాను సందులో బల్లి గుడ్లు.

ఇతరములు అని ఒక గుంపు చేసి
అందులో పడేద్దామనుకున్నాను.
టైపు చేస్తుంటే చెయ్యాగింది.
బడి ఫారంలో, ఇంట్లో మాట్లాడే భాష అనే గడిలో,
మా వీధి తెలుగు పిల్లలందరికీ
మాస్టారు రాసిన మాట అదే.

ఇప్పుడు జాబితాలో అన్నిటికన్నా పైన
సవర మాట అని ఒక వరస ఉంది.
అందులో ఒకే ఒక్క పెట్టె,
దాని ముందు ఖాళీ కుర్చీ.
నెలకోసారి ఎవరో పెద్దసారు అడుగుతారు,
మనిషి లేని వరస ఎందుకని.
వరస ఉంది కనకే కదండీ, అంటాను,
మనిషి లేదని కనిపిస్తోంది.